పాలు పొంగని ఇల్లు

పరదేశాల నుంచి సేవకని వరంగల్ వచ్చే మిషనరీలకు తెలుగు చెప్పడం, వాళ్ళ వెంట తిరుగుతూ వాళ్ళ మాట మనవాళ్ళకూ, మనవాళ్ళ మాట వాళ్ళకూ అందించడం నేను నలభై ఏళ్ళకు పైగా చేసిన పని. దీనికి నా దగ్గర కాగితం ముక్క ఏదీ లేదు. ఆరో తరగతి మధ్యలో బడి మానినవాణ్ణి. మా నాయన మిషన్ కాంపౌండులో తోటపని చేసేవాడు. దొరలు చదివి అవతల పడేసిన పత్రికలూ, చెదలు తినగా మిగిలిన బైబిలు వ్యాఖ్యానాలూ పనిముట్ల కొట్టంలో కుప్పగా ఉండేవి. ఆ కుప్ప మీద కూర్చుని, అట్ట ఊడిన నిఘంటువు ఒళ్ళో పెట్టుకుని ఇంగ్లిషు నేర్చుకున్నాను. ఎవరూ నేర్పలేదు. గొప్పకు చెప్పడం లేదు. తరువాత జరిగింది అర్థం కావాలంటే ఇది తెలియాలి.

పాత దొరల కాలం వేరు. వాళ్ళకు బంగళాలుండేవి, వంటవాళ్ళుండేవాళ్ళు, ఎండలు ముదిరితే కొండల మీదికి పోయేవాళ్ళు. ఇప్పుడొచ్చేవాళ్ళకు రెండు సూట్‌కేసులు, ఒక లాప్‌టాప్, ఒక మందుల సంచి, అంతే. మన జనం మాత్రం తెల్లతోలు కనపడితే చాలు, ఇంకా బంగళాయే అనుకుంటారు.

నేను చెప్పబోయే భార్యాభర్తలు యూరప్‌లోని ఒక చలిదేశం నుంచి వచ్చారు. ఇంగ్లిషు వాళ్ళకూ నేర్చుకున్న భాషే, నాకూ నేర్చుకున్న భాషే. ఆయన వడ్రంగి, మాట తక్కువ మనిషి. ఆమె ఫిజియోథెరపిస్టు. కాళ్ళూ చేతులూ బిగుసుకుపోయిన పిల్లలకు ఆమె కసరత్తు చేయించేది. వాళ్ళు నిలబడటానికి ఆయన కొయ్య చట్రాలు చేసేవాడు. మా చర్చి వెనక హాల్లో వారానికి నాలుగు రోజులు ఈ పని. నెక్కొండ నుంచి కూడా తల్లులు పిల్లల్ని చంకనేసుకుని రైల్లో వచ్చేవాళ్ళు. హిందువులు, ముస్లింలు, మావాళ్ళు అందరూ ఉండేవాళ్ళు. కాళ్ళు పట్టేముందు ఏ తల్లినీ నీ దేవుడెవరని ఆమె అడగలేదు. ఉన్నమాట చెప్పాలి.

ఆ పిల్లల్లో ఒకరు నా మనవరాలు, నా బిడ్డ కూతురు. ఆరేళ్ళది. కాన్పులో ఏడవడం ఆలస్యమైంది. అప్పటినుంచి కాళ్ళు కత్తెరలా ఒకదాని మీద ఒకటి పడి బిగుసుకునేవి. తిరగని దవాఖాన లేదు. ఒక డాక్టరయితే పిల్ల ముఖం కూడా చూడకుండా "అలవాటు చేసుకోవాలమ్మా" అన్నాడు. ఈమె ఆ మాట అనలేదు. నేల మీద చాప పరిచి, పిల్ల పక్కన తానూ పడుకుని, మోకాళ్ళు పట్టుకుని పని మొదలుపెట్టింది. ఏడాదిన్నర గడిచేసరికి పిల్ల చట్రం లేకుండా, గోడ పట్టుకోకుండా, మేమంతా గట్టిగా లెక్కపెడుతుంటే తొమ్మిది దాకా నిలబడింది. నా బిడ్డ ఏడ్చింది. ఆమె మాత్రం చెమట తుడుచుకుని, "ఇంకో ఏడాది నాకివ్వండి, నడుస్తుంది" అంది. ఊరికే చెప్పే మనిషి కాదు. ఊరికే చెప్పే మనిషైతే ఈ కథ ఇంకోలా ఉండేది.

వాళ్ళ అవస్థలు చూస్తే నవ్వూ వచ్చేది, కడుపూ మండేది. గ్యాసు కనెక్షనుకు పోతే చిరునామాకు రుజువు తెమ్మన్నారు. రుజువుకు ఏం పెట్టాలని ఇంకో ఆఫీసులో అడిగితే గ్యాసు పుస్తకం చాలన్నారు. ఈ రెండింటి మధ్య నాలుగు నెలలు తిరిగాం. కరెంటు పొయ్యి కొంటే, సరిగ్గా బియ్యం కుతకుతలాడే వేళకు కరెంటు పోయేది. ఆయన కొలిచే టేపును కోతి ఎత్తుకుపోయి ఎదురింటి నీళ్ళ ట్యాంకు మీద కూర్చుని, మూరలు మూరలుగా లాగి, తెంపి, కింద పారేసింది. ఆయన కిందనుంచి దండం పెడుతూనే ఉన్నాడు. పరదేశీల పేర్లు రాసుకునే ఆఫీసులో ఫోటో వెనక తెల్లగా ఉండాలన్నారు. తీయించుకుని పోతే, గుమాస్తా ఫోటోను వెలుతురుకు ఎత్తిపట్టి, "గోడ తెల్లగున్నది, ముఖం తెల్లగున్నది, మనిషేడున్నడు సారూ?" అని నన్నడిగాడు. చుట్టుపక్కల బల్లల వాళ్ళంతా నవ్వారు. ఏమన్నాడని ఆమె అడిగింది. ఫోటో బాగుందన్నాడని చెప్పాను.

ఆమె తెలుగు నా పుణ్యమే. నాకు వచ్చిన పుస్తకాల తెలుగునే ఆమెకు చెప్పాను. ఒకసారి స్టేషనుకు పోవాలని ఆటో ఆపి, "అయ్యా, మమ్మును రైలు స్టేషనునకు కొనిపోవుదురా?" అని అడిగింది. ఆటో అబ్బాయి ఇంజను కూడా ఆపేసి నా వైపు తిరిగాడు.

"చాచా, ఈమెకు తెలుగు నేర్పింది ఎవలు?"

"నేనే."

"అందుకే. మా దాదా జమానా మాట లెక్కున్నది. ఫికర్ జెయ్యకు, ఎక్కుండ్రి. సమజైతలేదు గని మస్తుగున్నది."

దారంతా ఆమెచేత మాట్లాడించుకుంటూ తీసుకుపోయాడు.

చలికాలం చివర్లో మా చర్చి కమిటీ ఒక తీర్మానం చేసింది. హాలు పక్కన ఈ దంపతులు ఉంటున్న రెండు గదులను పడగొట్టి, అక్కడ కమిటీకి ఆఫీసు కట్టాలట. నెలాఖరుకు ఖాళీ చేయాలి. సరిగ్గా అదే నెలలో వాళ్ళ వీసా పొడిగింపుకు కాగితాలు పెట్టాలి. ఆ కాగితాల్లో, ఫలానా ఇంట్లో ఉంటున్నామని యజమాని సంతకంతో ఒప్పందం ఉండాలి. ఇల్లు దొరక్కపోతే ఒప్పందం లేదు. ఒప్పందం లేకపోతే దేశం విడిచి పోవాలి. వాళ్ళు పోతే హాలుకు తాళం. ఇందులో దేవుడి పని ఎంత ఉందో నాకు తెలియదు గానీ, నా మటుకు నాకు ఒకటే లెక్క. వాళ్ళకు ఇల్లు దొరికితే నా మనవరాలు నడుస్తుంది, దొరక్కపోతే నడవదు.

రెండు వారాలు ముగ్గురం ఎండనపడి తిరిగాం. ఒక యజమాని గేటు కూడా తీయలేదు.

"వీళ్ళు పెద్దకూర వండుతరు. మా ఇంట్ల గా వాసన పడదు."

"వీళ్ళు గుడ్డు కూడ ముట్టరయ్యా" అన్నాను. నిజమే. ఇద్దరూ కూరగాయలు తప్ప తినరు.

"తెల్లోల్లు తోటకూర తింటరా? పెద్దమనిషీ, అబద్ధమన్నా జర అతికేటట్టు చెప్పాలె."

ఇంకొకాయన ఇల్లంతా చూపించి, చివరికి పోలీసులు వచ్చి అడుగుతారని, ఆ లొల్లి తనకెందుకని అన్నాడు. మూడో ఆయన మా చర్చి మనిషే. ప్రతి ఆదివారం నా ముందు వరసలో కూర్చుని అందరికన్నా గట్టిగా పాడతాడు. ఆయన ఇంటి కింది వాటా ఏడాదిగా ఖాళీ. "ప్రార్థన చేద్దామన్నా" అన్నాడు. ఖాళీ వాటాకు తాళమేసి, తాళంచెవి జేబులో పెట్టుకుని, అక్కడే నిలబడి కళ్ళు మూసుకుని ప్రార్థన కూడా చేశాడు. నేను ఆమెన్ అనలేదు.

ఆ వారంలోనే ఆ ఉత్తరం నా కంటబడింది.

మిషనరీలకొక ఆచారం ఉంది. నెలకోసారి తమ దేశంలోని చర్చిలకు ఉత్తరం రాస్తారు. ఏం పని చేశాం, ఎక్కడ కష్టపడ్డాం, ఎవరికోసం ప్రార్థించాలి, ఇవన్నీ అందులో ఉంటాయి. వీళ్ళను ఇక్కడ నిలబెట్టేది ఆ ఉత్తరాలే. పాత దొరల ఉత్తరాల కవర్లకు నేనెన్ని స్టాంపులు అంటించానో లెక్కలేదు. లోపల ఏముందో ఎన్నడూ చదవలేదు. ఇప్పుడవి కవర్లలో పోవు. ఒక మధ్యాహ్నం ఆయన పిల్లల ఫోటోలు చూడమని తన టాబ్లెట్ నా చేతిలో పెట్టి పనిలోకి పోయాడు. వేలు తగిలి ఏదో మారింది. ఆమె రాసిన నెల ఉత్తరం, వేరే దేశాల చర్చిల కోసం ఇంగ్లిషులో రాసిన ప్రతి. మధ్యలో నా ఫోటో. మనవరాలిని వెనకనుంచి నడుం పట్టుకుని నిలబెట్టి ఉన్నాను. కింద రాసి ఉంది: ఈయన మా సహాయకుడు, చదువు లేని వృద్ధుడు, కానీ మంచి మనసు. ఈ పాప ద్వారా ఈ కుటుంబం వెలుగును కనుగొనాలని ప్రార్థించండి.

వెలుగు! మా తాత బాప్తిస్మం తీసుకున్నందుకు ఊరి బావిలో చేద వేయనివ్వలేదు. ఆయన వాగు ఇసుకలో చెలిమ తవ్వుకుని తాగాడు గానీ మాట మార్చలేదు. రెండేళ్ళుగా అదే చర్చిలో, అదే రొట్టె విరుచుకుని, ఆమె నా పక్కనే కూర్చుంటోంది. అయినా ఇలా ఎలా రాసిందంటే, నా అల్లుడు హిందువు, నా బిడ్డ బొట్టు పెట్టుకుంటుంది. ఆ బొట్టు చూసి మా వంశమంతా చీకట్లో ఉందని తీర్మానించుకుంది. నన్నొక మాట అడిగితే పోయేది. అడగలేదు. అదైనా నేను దిగమింగుకునేవాణ్ణేమో. చదువు లేని వృద్ధుడు అన్న మాట మాత్రం గొంతులో ఎముకలా నిలిచింది. ఆమె నోట పలికే ప్రతి తెలుగు మాటా నేను పెట్టిందే. ఆమె తన బైబిల్లో అర్థం కాని వాక్యం తెచ్చి అడిగితే, మూడు వ్యాఖ్యానాలు పోల్చి చెప్పినవాణ్ణి.

ఆయన తిరిగొచ్చి, "ఫోటోలు బాగున్నాయా?" అని అడిగాడు.

"బాగున్నాయి" అన్నాను.

అక్కడే అడిగేసి ఉంటే ఆమె క్షమాపణ చెప్పేది. చెప్పే మనిషే. నేనడగలేదు. అది లోపల పెట్టుకుని నాలుగు రోజులు తిరిగాను.

అయిదో రోజు కొత్తవాడలో ఇల్లు దొరికింది. జంపఖానాలు నేసే కుటుంబం. ముసలామె ఒక్కతే ఉంటోంది. కింద మగ్గం ఉన్న గది, మీద రెండు గదులు, నీళ్ళు, గాలి, అన్నీ ఉన్నాయి. ఆమె వాడకట్టులో ఒక పిల్లవాడు హాలుకు వస్తుంటాడు, ఆ సంగతి ఆమెకు ముందే తెలుసు. మెట్ల మీదనే మాట ఇచ్చేసింది.

"ఏమన్న తిననీ, ఎవలకన్న మొక్కనీ. పోరగాండ్ల కాళ్ళు సక్కగ చేస్తాందట గదా. ఇస్త. పక్కింటోడు అప్పుడే మొరుగుతాండు. మొరగనీ. నా ఇల్లు, నా ఇష్టం."

నేను వెంటనే ఒప్పందం కాగితం ఎప్పుడు రాసుకుందామని అడిగాను.

"రేపే రాసుకుందాం. ఒక్కటే మాట అన్నా. మా ఆయన మగ్గం గుంటల కాళ్ళు పెట్టి, నడుములు పోగొట్టుకొని కట్టిన ఇల్లు ఇది. ఇంట్ల ఎవలు దిగినా పాలు పొంగియ్యాలె. ఆడమనిషి చేత్తోని. గంతే."

వరంగల్‌లో పాలు పొంగించకుండా కొత్త ఇంట్లో దిగిన క్రైస్తవ కుటుంబాన్ని నేను చూడలేదు. పాస్టరుగారు వస్తారు, కీర్తన పాడతాం, గిన్నె అంచు దాటి పాలు పొయ్యి మీద పడతాయి, అందరం పాయసం తాగుతాం. ఎవరి దేవుణ్ణి వాళ్ళు తలుచుకుంటారు. పాలు మాత్రం పొంగాలి. ఈ సంగతి నాకు తెలుసు, ఆమెకు తెలియదు. ఈ దేశానికి వచ్చేముందు వాళ్ళ శిక్షణలో, పాలుపంచుకోకూడని ఆచారాలని ఒక కాగితం ఇచ్చారట. గృహప్రవేశం అందులో ఉంది.

నేను సంగతి చెప్పగానే ఆమె ముఖం బిగిసింది. "అది నైవేద్యమా? ఎవరికి?" అని అడిగింది.

ఎవరికీ కాదు, ఇక్కడి మర్యాద, మేమూ చేస్తాం, అని మూడు ముక్కలు చెబితే అయిపోయేది. నేనేం చెప్పానో విను పాఠకుడా. అగ్నికి ఆహుతి అని కొందరంటారని, లక్ష్మికి స్వాగతమని కొందరంటారని, పూర్వం పశుసంపద వృద్ధికి చేసేవాళ్ళని ఒకచోట చదివానని, చక్కని ఇంగ్లిషులో, విడమరిచి, ఉపన్యాసంలా చెప్పాను. చదువు లేని వృద్ధుడు చెప్పాడు.

ఆమె భర్త వైపు చూసింది. ఆయన కిందికి చూశాడు. అప్పుడు ఆమె నెమ్మదిగా అంది: "ఈమె దయకు కృతజ్ఞతలు చెప్పండి. నా ప్రభువుకు తప్ప ఇంకెవరికీ నేనేదీ అర్పించలేను. పాలు పొంగించను. ఈ మాట ఉన్నదున్నట్టు చెప్పండి."

ఉన్నదున్నట్టు! నలభై ఏళ్ళలో ఇలాంటి చోట ఏ దొర మాటా నేను ఉన్నదున్నట్టు చెప్పలేదు. ఒక దొర ఊరిపెద్ద ఇంట్లో గ్లాసు మురికిగా ఉందని టీ తాగనంటే, దొరకు ఇవాళ ఉపవాసమని చెప్పాను. వాళ్ళు సంతోషించారు. ఒక దొరసాని పెళ్ళిలో డప్పుల మోతకు తల పగిలిపోతోందంటే, మా దేశంలో ఇంత గొప్పగా చేయరంటోందని చెప్పాను. డప్పులవాళ్ళు ఇంకా గట్టిగా కొట్టారనుకోండి, అది వేరే సంగతి. ఈ పనిలో సగం చెప్పడం, సగం మింగడం. ఈ రోజూ అంతే చాలు. ముసలామెతో "అట్లనే అక్కా" అనాలి. ఈమెతో, రేపు పొద్దున ఈ ఇంట్లో ముందుగా ఇంటామెకు కాఫీ పెట్టి ఇవ్వండి, ఇక్కడి మర్యాద, అనాలి. పాలు పొయ్యి మీద పెట్టి పుస్తకం తెరిచే మనిషి ఆమె. వద్దన్నా పొంగేవి.

ఈ ఉపాయం నాకు అప్పుడే తట్టింది. తట్టలేదని అబద్ధం చెప్పను. తట్టిందాన్ని పక్కకు నెట్టి, ముసలామె వైపు తిరిగాను.

"అక్కా, వాళ్ళ దేవునికి తప్ప ఇంకో దేవునికి ఏదీ పెట్టదట. నీ ఇంట్ల పాలు పొంగియ్యదట."

ముసలామె కొంగు దోపుకుని నాకు దగ్గరగా వచ్చింది.

"నేను దేవుని పేరెత్తిన్నా అన్నా?"

"ఎత్తలే."

"మరి గామె ఎందుకెత్తింది?" తరువాత ఆమె వైపే తిరిగి, చెవిటివాళ్ళకు చెప్పినట్టు గట్టిగా, "పాలు బిడ్డా, పాలు! పాకిట్ పాలు! గుడిల పాలు గాదు!" అంది.

ఆమె చేతులు జోడించి, నేను నేర్పిన తెలుగులోనే జవాబిచ్చింది. "క్షమించుడి అమ్మా. నేనది చేయజాలను."

ముసలామెకు అది బాగానే అర్థమయింది. "సరే బిడ్డా. నీ మాట నీకు, నా ఇల్లు నాకు. పోరగాండ్ల కోసమని ఇస్తనంటి. గని మా ఆయన ఇంటికి కీడు నేను జెయ్య" అంటూ గది తలుపు దగ్గరికి లాగింది. అయినా ఎండలో వచ్చామని ముగ్గురికీ మజ్జిగ ఇచ్చింది. తాగి గ్లాసులు కడిగి పెట్టాం.

వాళ్ళిద్దరూ వీధిలోకి దిగాక ముసలామె మెట్ల దగ్గర నా మోచెయ్యి పట్టుకుంది.

"ఏందన్నా, పెద్దమనిషివి, గట్లనే చెప్పాల్నా? సరేనంటే ఐపోవు గదా. పొద్దుగాల నేనే పొయ్యి ముట్టిద్దును. గామె ఊకె పక్కన నిలవడితే సాలు."

మోచెయ్యి విడిపించుకుని మెట్లు దిగాను. ముందు భర్తతో నడుస్తున్న ఆమెకు ఒక గిన్నెడు పాలు పిల్లల కాళ్ళకన్నా పెద్దవయ్యాయని వీధి మలుపు దాకా తిట్టుకున్నాను. మలుపు తిరిగాక తిట్టుకోవడానికి నేనే మిగిలాను.

ఆ తరువాత పది రోజులు పిచ్చివాడిలా తిరిగాను. పెద్దమనుషుల కాళ్ళు పట్టుకున్నాను. కమిటీ వాళ్ళను ఇంకో నెల గడువడిగాను. కూలీలకు మాట ఇచ్చేశామన్నారు. కొత్తవాడ ముసలామె దగ్గరికి మళ్ళీ పోయాను, ఒంటరిగా. ఆమెకు కోపం లేదు. కానీ పక్కింటివాడు గెలిచాడు. గది అప్పటికే బట్టల దుకాణంవాడికి గోదాముకు ఇచ్చేసింది.

వాళ్ళు రైలెక్కిన రోజు స్టేషనుకు నేనొక్కణ్ణే పోయాను. ఆయన సామాను ఎక్కిస్తున్నాడు. ఆమె నా రెండు చేతులూ పట్టుకుంది. కళ్ళనిండా నీళ్ళు.

"ఆ ఇంట్లో నా మాట మీరు మార్చలేదు. ఇంకొకరైతే నన్ను కాపాడాలని మార్చేవాళ్ళు. అంత కష్టంలోనూ మీరు నిజమే చెప్పారు. దానికి నేనెప్పటికీ రుణపడి ఉంటాను" అంది.

ఆమె వెక్కిరిస్తోందేమోనని ముఖంలోకి చూశాను. వెక్కిరింత ఆమెకు చేతకాదు. నమ్మే అంటోంది. అప్పుడైనా చెప్పాల్సింది, అమ్మా అది నిజాయితీ కాదు, కసి అని. రైలు కదిలింది.

ఇంటికొచ్చి నా బిడ్డకు అంతా చెప్పాను. ఉత్తరం సంగతీ, కాఫీ ఉపాయం సంగతీ దాచలేదు. ఆమె చేతిలో పని ఆపకుండా విన్నది.

"గామె తప్పు రాసింది, నిజమే నాయినా. గని నీ కోపం తీర్చుకునేతందుకు నా బిడ్డ కాళ్ళే దొరికినయా?"

తరువాత కొన్నాళ్ళు నాతో మాట్లాడలేదు. ఇప్పుడు మాట్లాడుతుంది, పని ఉంటేనే. దవాఖానలో కసరత్తుకు రెండు నెలలకొకసారి తేదీ ఇస్తున్నారు. మిగతా రోజులు చూసి నేర్చుకున్నంత మేర నా బిడ్డే ఇంట్లో చేయిస్తుంది. పిల్ల మోకాళ్ళు మళ్ళీ దగ్గరికి ముడుచుకుంటున్నాయి. తల్లికి జ్వరం వచ్చిన ఒక పొద్దున నేను చాప మీద కూర్చుని ఆ మోకాళ్ళు పట్టుకున్నాను. ఏ కండరం ఎటు లాగాలో, ఎక్కడ ఆగాలో ఆమె ఇంగ్లిషులో చెబుతుంటే తల్లులందరికీ తెలుగు చేసి చెప్పింది నేనే. ప్రతి మాటా గుర్తుంది. చేతులకు మాత్రం ఏమీ తెలియలేదు.

"నొస్తాంది తాతా" అంది పిల్ల. "నీకు రాదు. ఇడిసెయ్."

విడిచిపెట్టాను.